అమ్మ కాళ్ళ కింద నీళ్ళు

మా కారులో ఏసీ ఉందంటే అబద్ధం, లేదన్నా అబద్ధమే. దానికి బుద్ధి పుట్టినప్పుడు ఉండేది. ఊళ్ళో బయల్దేరేటప్పుడు చేతుల మీద వెంట్రుకలు లేచేంత చల్లగా కొట్టేది. బెంగళూరు దారిలో కొడికొండ చెక్‌పోస్టు దగ్గరికి వచ్చేసరికి ఫ్యాను చప్పుడు తప్ప గాలి ఉండేది కాదు. బాగేపల్లిలో టీకి ఆగి, కాసేపు బండి ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు చల్లగాలి. అసలు పనిచేయని వస్తువునైతే నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తాం. ఇట్లా ఆశపెట్టి ఎగ్గొట్టేదానితోనే చావు. నాకు అసలే కోపం ఎక్కువ. స్టీరింగ్ మీద గుద్దేదాన్ని. పక్క సీట్లో అమ్మ, దాన్ని కొడితే చల్లబడుతుందా అని నవ్వేది.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా వచ్చిన కరువేళ్ళవి. నల్లమాడ దగ్గర మా ఊరు. నేను అక్కడి బళ్ళో పాఠాలు చెబుతూ అమ్మానాయనలతోనే ఉండేదాన్ని. మా ఆయన లారీ తోలేవాడు, నెలలో సగం రోజులు ఏ గుజరాత్ రోడ్ల మీదో ఉండేవాడు. ఆ ఏడు అమ్మకు గర్భసంచి దగ్గర క్యాన్సరని తేలింది. మూడు వారాలకోసారి బెంగళూరు తీసుకుపోయి మందు ఎక్కించుకురావాలి. మొదటిసారి బస్సులో పోయాం. వచ్చేటప్పుడు అమ్మ కిటికీ ఊచకు తల ఆనించుకుని కూర్చుంది. వడగాలి ముఖాన కొడుతూనే ఉంది. మందు ఎక్కించిన ఒంటికి వేడి బొత్తిగా పడదట. దారి పొడుగునా వాంతులు. ఇల్లు చేరి గడప మీదే కూలబడి, ఇంక నేను రాను, ఆ మందూ వద్దు, ఆ దారీ వద్దు అంది. అమ్మ ఒకసారి వద్దంటే దేవుడు దిగివచ్చినా ఒప్పించలేడు.

అందుకే ఆ కారు కొన్నాం. కదిరిలో ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసిన చిన్న తెల్ల కారు. తోలడం మా ఆయన ముందే నేర్పాడు, ఊరి బయట బీడు మీద. ఆడమనిషి కారు తోలుతుంటే చూడ్డానికి మొదట్లో జనం అరుగుల మీదికి వచ్చేవాళ్ళు. చూసి చూసి వాళ్ళకే విసుగొచ్చింది. కారులో చల్లగా ఉంటుందని చెబితేనే అమ్మ మళ్ళీ బెంగళూరు రావడానికి తల ఊపింది. కారు చల్లగా ఉంటే అమ్మ మందుకు వస్తుంది, మందు పడితే బతుకుతుంది. నా లెక్క అంతే. ఆ ఏసీ మీద అంత భారం వేశానని దానికేం తెలుసు.

మొదటి ప్రయాణం హాయిగా జరిగింది. అమ్మ ముందు ఎడమ సీట్లో, నాయన వెనక. బాగేపల్లిలో ఆగినప్పుడు నాయన బీడీ కోసం దిగి, కారు కిందికి వంగి చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. బండి కింద సన్నటి గొట్టంలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతున్నాయి.

"యాడివి పాపా ఈ నీళ్ళు?" అన్నాడు.

గాలిలో ఉండే తేమను ఏసీ చల్లబరిస్తే ఇట్లా నీళ్ళవుతాయి, పెట్టెలో చేరి ఆ గొట్టంగుండా కిందికి పోతాయి అని, బళ్ళో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. నాయన అరచేయి పట్టి చూసుకున్నాడు.

"గాలిలో ఇన్ని నీళ్ళుంటే మరి వానకేం రోగమొచ్చింది?" అన్నాడు.

అమ్మా నేనూ నవ్వాం. నాయన నవ్వలేదు. ఆయనకు నీళ్ళంటే నవ్వులాట పోయి చాలా కాలమైంది. మాకు చీనీ తోట, అదే బత్తాయి తోట ఉండేది. నేను కాలేజీలో చదివేటప్పుడు మా కాయలు లారీలకెక్కి మద్రాసు దాకా పోయేవి. తర్వాత బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. వేసిన కొత్త బోర్లలో దుమ్ము లేచింది. చెట్టు చెట్టుకూ డ్రిప్పు పైపులు వేసి, బొట్టు బొట్టు లెక్కన పోసి ఇంకో రెండేళ్ళు లాగాడు. చివరికి తోటంతా నిలువునా ఎండితే ఇటుక బట్టీల వాళ్ళు వచ్చి నరికి పట్టుకుపోయారు. ఆ రోజు నాయన ఇంట్లోంచి బయటికి రాలేదు. పనికిరాని నల్ల పైపులు మాత్రం చుట్టలు చుట్టి కొట్టంలో దాచుకున్నాడు.

మిగిలింది ఒకే ఒక చెట్టు, పెరట్లో నీళ్ళు వాడే జాలాడి పక్కన. స్నానం చేసిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ దానికే పోయేవి. ట్యాంకరు వచ్చిన రోజు బిందెల కింద ఒలికిన నీళ్ళను కూడా నాయన పాతగుడ్డతో అద్ది ఆ చెట్టు మొదట్లో పిండేవాడు. మందు మొదలయ్యాక అమ్మకు ఏ వాసనా తెలిసేది కాదు. తిరగమోత పెడుతున్నా తెలిసేది కాదు, మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టినా తెలిసేది కాదు. అన్నం మట్టిలా ఉందనేది. నోటికి హితవుగా ఉన్నది చీనీకాయ రసం ఒక్కటే. అప్పటినుంచి నాయనకు ఆ చెట్టు పిచ్చి ఇంకా ముదిరింది. బజారులో కాయలు దొరుకుతాయి కదా అంటే, మన చెట్టువి కావు కదా అనేవాడు.

తర్వాతి ప్రయాణంలో ఒక చెంబు తెచ్చుకుని, కారు ఆగిన చోటల్లా కింద పెట్టాడు. చీమ కాళ్ళు కూడా తడవవు ఈ నీళ్ళతో అని ఎగతాళి చేశాను. ఆ పైసారి చెంబు తేలేదు. నా నోటికి భయపడి మానేశాడనుకున్నాను. ఊరు చేరగానే దుమ్ము తుడుస్తానని కారు దగ్గరికి మాత్రం పోయేవాడు.

ఏసీ నాటకాలాడటం సరిగ్గా అప్పుడే మొదలైంది. ముందు గాలి సన్నగిల్లేది. ఫ్యాను మాత్రం అంతే జోరుగా తిరుగుతున్నట్టు చప్పుడు. తర్వాత ఆ వచ్చే కొంచెం గాలి కూడా ఉడుకు. అద్దాలు దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. అమ్మ ముఖం ఎర్రబడి, పెదాలు తెల్లగా ఎండిపోయేవి. నీళ్ళ సీసా ఇస్తే పెదాలకు ఆనించి తిరిగి ఇచ్చేసేది. తాగమ్మా అంటే, తాగితే వాంతి అవుతుందిలే అనేది.

ఇంకో అలవాటు కూడా కొత్తగా పట్టింది. పాత చీరను చింపి, మడతలు పెట్టి, బెంగళూరు సంచిలో అడుగున పెట్టుకునేది. ఒకటి సీటు మీద పరుచుకునేది, ఒకటి కాళ్ళ కింద వేసుకునేది. ఎక్కడైనా ఆగితే, మీరు నడవండి నేను మెల్లగా వస్తా అని చివర దిగేది. ఇంటికి వచ్చాక ఆ గుడ్డలు తనే జాలాడిలో తడిపి పిండేది. లేవలేని ఒళ్ళుతో ఎందుకమ్మా, నేను ఉతకనా అంటే కసురుకునేది. వాంతి గుడ్డలు కూతురి చేత ఉతికించడం ఇష్టం లేదేమో అనుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి కోప్పడింది. నీళ్ళు బాగా తాగమన్నాను, తాగడం లేదు, ఇట్లా అయితే కిడ్నీలు తట్టుకోవు, మందు ఆపాల్సి వస్తుంది అంది. అమ్మ తల వంచుకుని తాగుతానమ్మా అంది. డాక్టరమ్మ ముందు ఎప్పుడూ అంతే. నొప్పి ఉందా అంటే లేదు, నిద్ర పడుతోందా అంటే పడుతోంది. రాత్రంతా దొర్లిన మనిషి అక్కడ కుర్చీలో నిటారుగా కూర్చుని, డాక్టరమ్మకు ఎంతమంది పిల్లలని అడిగేది.

మెకానిక్కు దగ్గర ఏసీ కూడా సరిగ్గా ఇట్లాగే చేసేది. కదిరిలో మొదట చూసినవాడు గ్యాస్ తక్కువైందన్నాడు, నింపాడు. పది నిమిషాలు ఆడించి చూపించాడు, ఐసు ముక్కలా ఉంది. తర్వాతి బెంగళూరు ప్రయాణంలో చెక్‌పోస్టు దగ్గర మామూలే. ధర్మవరంలో ఇంకొకాయన ముందు భాగంలో ఉన్న జాలీ అంతా దుమ్ము పట్టిందని నీళ్ళు కొట్టి కడిగాడు. అక్కడా చల్లగానే ఉంది. అనంతపురంలో పెద్ద షాపువాళ్ళు కంప్రెసరు పట్టీ మార్చి, చల్లదనం ఎక్కువైతే దానంతట అది ఆపుకునే చిన్న మర కూడా మార్చారు. నేను గంట తోలితే ఆగిపోతుంది మొర్రో అంటే, ఇక్కడ బాగానే ఉంది కదా మేడం, ఎండలకు అట్లనిపిస్తాది అన్నారు. అనిపించడానికి నాకేమన్నా పైత్యమా అని అక్కడే గొడవపడ్డాను. ఎంత గొడవపడినా వాళ్ళ ముందు అది చల్లగానే కొడుతోంది. నా మాట నమ్మేవాళ్ళు లేరు.

ఇంకోసారి బెంగళూరు పోయి వచ్చాక అమ్మ మంచం దిగకుండా పడుకుని, ఇంతటితో చాలు పాపా అంది. మొదటిసారి గడప మీద అన్నట్టు కోపంగా అనలేదు. మెల్లగా అంది. అదే నాకు భయం వేసింది.

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయి. ఇక ఎవరినీ నమ్మేది లేదు, దీని సంగతి నేనే చూస్తానని ఒక మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే కారు తీశాను. అద్దాలన్నీ ఎత్తి, ఏసీ పూర్తిగా పెట్టి, కదిరి దాకా పోయి అక్కడినుంచి ఊరికే గోరంట్ల రోడ్డు పట్టాను. ఒక చెయ్యి గాలి వచ్చే రంధ్రం దగ్గరే ఉంచాను. చాలాసేపు మంచి చల్లదనం. ఆ తర్వాత గాలి పలచబడింది. ఫ్యాను జోరు పెంచితే చప్పుడు పెరిగింది, గాలి పెరగలేదు. అంటే చల్లదనం చచ్చిపోవడం లేదు, లోపల ఏదో అడ్డం పడి గాలిని రానివ్వడం లేదు. ఇన్నాళ్ళూ వేడి వేడి అని గోల పెట్టానేగానీ ఈ తేడా పట్టించుకోలేదు.

రోడ్డు పక్కన ఒక వేపచెట్టు కింద ఆపి ఇంజను కట్టేశాను. అంతా నిశ్శబ్దం. కాసేపటికి కారు లోపలే ఎక్కడో టపటపమని చప్పుడు. ఎడమ సీటు ముందు, డాష్‌బోర్డు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను. ఐసు నీళ్ళు. లోపల పెట్టెలో నీళ్ళు బయటికి పోలేక నిలిచి, చల్లబడి చల్లబడి గడ్డకట్టి, గాలికి అడ్డం పడుతున్నాయి. బండి ఆపితే ఆ గడ్డ కరిగి ఇటు లోపలికి పొర్లుతోంది. అందుకే కాసేపు ఆగితే మళ్ళీ చల్లగాలి. కనిపెట్టానని ఒక్క క్షణం పొంగిపోయాను.

కింద పట్టా తడిసి, నీళ్ళు మడుగు కట్టాయి. ఆ సీట్లో ఎవరూ లేరు. ఖాళీ సీటు, దాని ముందు తడి. దాన్ని చూస్తూ ఉంటే అమ్మ గుడ్డలు గుర్తొచ్చాయి. చీర మడతలు, చివర దిగడం, కసురుకోవడం, సీసా పెదాలకు ఆనించి తిరిగి ఇవ్వడం. జబ్బు మొదట్లో డాక్టరమ్మ చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. ఈ జబ్బులో ముందు ముందు మూత్రం మీద పట్టు తప్పవచ్చు, తెలియకుండానే పోవచ్చు, సిగ్గుపడకుండా చెప్పమ్మా అంది. వాసన తెలియని మనిషి, కాళ్ళ కింద తడి చూసి ఇంకేమనుకుంటుంది? ఆ వేపచెట్టు కింద కూర్చుని గట్టిగా ఏడ్చాను. గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి చూసి, మందను అదిలించుకుంటూ పోయాడు.

తర్వాత దిగి కారు కింద చూశాను. ఏసీ నీళ్ళు పోయే గొట్టానికి ఒక నల్ల డ్రిప్పు పైపు ముక్క తొడిగి ఉంది. దాన్ని కట్టుతీగతో పట్టీలకు కట్టుకుంటూ బంపరు వెనకదాకా లాగి, అక్కడ ఒక ఆయిల్ డబ్బాలోకి వదిలారు. నాలుగు చుట్లు చుట్టి, కొస మెలితిప్పి లోపలికి మడిచే కట్టు అది. మా తోటలో ప్రతి పైపుకూ అదే కట్టు ఉండేది. డబ్బా గొట్టం కంటే ఎత్తులో ఉంది. తోటలో నీళ్ళను మోటరు తోసేది, ఎత్తైనా పల్లమైనా పోయేవి. ఇక్కడ తోసేది ఏమీ లేదని నాయనకు తట్టలేదు. గతుకుల్లో ఎగిరి పడిన కాసిని నీళ్ళే డబ్బాలో చేరేవి. ఊరు చేరగానే దుమ్ము తుడుస్తానని కారు దగ్గరికి ఎందుకు పోయేవాడో అప్పుడు అర్థమైంది.

పైపు పీకేశాను. నీళ్ళు భళ్ళున కిందికి పోయాయి. ఇంటికి వచ్చేదాకా నాయనను ఏమేం తిట్టాలో నోట్లో పేర్చుకుంటూనే వచ్చాను.

నాయన ఇంట్లో లేడు. అమ్మ పడసాలలో చాప మీద పడుకుని ఉంది. పక్కన కూర్చుని, కారులో నీ కాళ్ళ కింద తడి ఏసీదమ్మా, ఇప్పుడు నేనొక్కదాన్నే పోయి వచ్చినా తడిసింది, నీది కాదు అని చెప్పాను. అమ్మ కళ్ళు పెద్దవి చేసి చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"నాదే అనుకుంటి పాపా" అంది అటు తిరిగే. "డాక్టరమ్మ చెప్పింది కదా, అదొచ్చేసిందిలే అనుకుంటి. మీ నాయన ముందర, నీ ముందర... నీళ్ళు తాగకుంటే నిలుస్తాదేమో అని చూస్తాంటి."

ఆ తర్వాత లేచి కూర్చుని నీళ్ళు అడిగింది. చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగింది. గొంతులోంచి నీళ్ళు దిగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.

అసలు ఆ నీళ్ళు ఎందుకు నిలిచాయని అమ్మే అడిగింది. నాయన పైపు సంగతి చెప్పాను. రానీ ఆయన్ని, ఇవాళ ఊరుకోను అన్నాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో అంత పట్టు ఇంకా ఉందని నేననుకోలేదు.

"చెప్పొద్దు. తోట పోయినప్పటి నుంచీ ఆ మనిషి చేతిలో ఒక్క పనీ నిలబళ్ళేదు. నా కోసరం చెట్టుకు నీళ్ళు తెస్తాండా అని మురిసిపోతాండాడు. నీవల్లే ఆమె ఇన్నాళ్ళు అల్లాడిందని చెప్తావా ఆయనకు? నేను ఒప్పుకోను."

చెప్పలేదు. దారిలో రాయి తగిలి పైపు తెగిపోయిందని నాయనకు చెప్పాను. ఎవరు కట్టారని నేను అడగలేదు, నేనే కట్టినానని ఆయన చెప్పలేదు. మళ్ళీ కడదామా అన్నట్టు కారు కిందికి చూశాడు. వద్దు నాయనా, మళ్ళీ తెగుతుంది, బేసిన్ తెచ్చుకో, ఆగిన చోటల్లా పట్టుకుందువు అన్నాను. ఆయన ముఖం విప్పారింది.

ఆ తర్వాతి ప్రయాణం ఒక్కటే హాయిగా మా ముగ్గురికీ దక్కింది. ఏసీ దారి పొడుగునా చల్లగా కొట్టింది. అమ్మ కాళ్ళ కింద గుడ్డ లేదు. సీసా పట్టుకుని తాగుతూ, రెండుసార్లు బండి ఆపించి చెట్ల చాటుకు పోయి వచ్చింది, ఇప్పుడు ఇదొకటి నా పని అని తనను తానే ఎగతాళి చేసుకుంటూ. బాగేపల్లి దగ్గర చింతచెట్టు నీడన ఇంజను ఆపకుండా నిలబెట్టాం. నాయన బేసిన్ కింద పెట్టి, పక్కన కూర్చుని, బొట్లు పడటం చూస్తున్నాడు. అమ్మ కారు అద్దంలోంచి ఆయన్ని చూస్తోంది. మీ నాయనకు తోట దొరికింది చూడు అంది నాతో.

కానీ రిపోర్టులు బాగా రాలేదు. జబ్బు కాలేయం దాకా పోయిందన్నారు. ఇంకో రెండు నెలలకు అమ్మ కుర్చీలో కూడా కూర్చోలేకపోయింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని, ఒక ఉదయం డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపోండి అంది. నాయనకు మాత్రం, ఇంటి దగ్గర మంచి గాలికి కొంచెం తేరుకుంటుందట అని చెప్పాను. ఆయన తల ఊపి, సంచులు సర్దాడు.

వెనక సీట్లో అమ్మను పడుకోబెట్టాం. ఒక పక్క తలుపు దగ్గర దిండు, దాని మీద తల. ఇంకో పక్క నాయన, ఆయన ఒడిలో అమ్మ కాళ్ళు. నేను ఏసీ పెట్టి బయల్దేరాను. ఆ రోజు అది ఎక్కడా సన్నగిల్లలేదు. బాగేపల్లిలో ఆగుదామా అంటే నాయన వద్దన్నాడు, పడుకున్నట్టుండాది, లేపొద్దు అన్నాడు. ఖాళీ బేసిన్ ముందు సీట్లో నా పక్కనే ఉంది. చెక్‌పోస్టు దాటాం. ఇదివరకు పోయేటప్పుడు ఏసీ మొరాయించిన చోటు అది. గాలి రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. మంచులా వస్తోంది.

కొంచెం దూరం పోయాక వెనకనుంచి నాయన పిలిచాడు.

"అమ్మ కాళ్ళు చల్లబడినాయి పాపా. ఏసీ తగ్గించు."

అద్దంలో చూశాను. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. దిండు మీద తల కారు కుదుపులకు ఎటు ఊగితే అటే పోతోంది. నాయన అటు చూడటం లేదు. పైపంచె తీసి అమ్మ పాదాలకు చుడుతున్నాడు.

ఏసీ కట్టేశాను. అద్దాలు దించలేదు. మిట్టమధ్యాహ్నపు వేడి మెల్లగా కారంతా నిండింది. ఊరొచ్చేదాకా నేను బండి ఆపలేదు. నాయన చెమటలు కారుతున్నా, రెండు చేతులతో ఆ పాదాలను రుద్దుతూనే ఉన్నాడు.